చేతికి చూస్తే బీపీ నార్మల్, ఊపిరితిత్తుల్లో మాత్రం హై బీపీ: లోపల కణాల్లో ఏం జరుగుతోంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. సోంపేట వైపు నుంచి ఒకరు రాశారు. అక్కకి 31 ఏళ్ళు, ఒక బాబు. ఏడాదిగా మెట్లెక్కితే ఆయాసం, ఈమధ్య కాళ్ళ పొంగు. ఎకోలో "సివియర్ పీఏహెచ్, ఆర్‌వీఎస్‌పీ 72" అని వచ్చింది, అంటే ఊపిరితిత్తుల ధమనుల్లో బీపీ బాగా ఎక్కువని, గుండె కుడి గదిలో ఒత్తిడి అంచనా 72 అని. చేతికి చూస్తే బీపీ 110/70. డాక్టర్ సిల్డెనాఫిల్ రాస్తే మందుల షాపులో కుర్రాడు చీటీ చూసి అదోలా నవ్వాడట. ఇంటర్నెట్‌లో ఎండోథీలియం, బీఎంపీఆర్2 అని ఏవేవో చదివి, "అసలు కణాల స్థాయిలో ఏం పాడవుతుంది? ఇది వంశంలో వస్తుందా? ఉప్పు మానేస్తే తగ్గుతుందా? అత్తవారు రెండో బిడ్డ అంటున్నారు, ఏం చెప్పాలి?" అని అడుగుతున్నారు.

నేను శ్రీకాకుళంలో చాలా ఏళ్ళుగా ఛాతీ వైద్యం చేస్తున్నాను. తెలిసినంతవరకు చెబుతాను. ఇది మీ డాక్టర్ చూపుకి బదులు కాదు.

ముందు సూటి సమాధానం. ఊపిరితిత్తుల్లో సన్న రక్తనాళాల గోడలు లోపలివైపు మందమవుతాయి. ఆ గోడలో పక్కపక్కనే ఉండే కణాల మధ్య "సడలు", "బిగుసుకో", "ఇక పెరగకు" అని రసాయన సందేశాలు నడుస్తుంటాయి. వాటి పొత్తు తప్పుతుంది. సడలించే పదార్థాలు తగ్గుతాయి, బిగించేవి పెరుగుతాయి, చావాల్సిన కణాలు చావకుండా పెరుగుతూ పోతాయి. దారి ఇరుకైన కొద్దీ గుండె కుడి గది ఎక్కువ బలంతో రక్తం తోయాలి. అయితే మీ అక్కకి జరుగుతున్నది ఇదేనా అన్నది ఎకో ఒక్కటే తేల్చదు. ఊపిరితిత్తుల్లో బీపీ పెరగడాన్ని వైద్యులు అయిదు గుంపులుగా విడదీస్తారు. మీరు చదివిన కణాల గొడవంతా ప్రధానంగా మొదటి గుంపుది, అంటే రిపోర్టులో రాసిన పీఏహెచ్‌ది. మిగతా వాటికి వైద్యం వేరు, కొన్నిట్లో సిల్డెనాఫిల్ చేటు కూడా చేస్తుంది.

చేతికి 110/70 ఉండి లోపల 72 ఎలా అని చాలామంది అడుగుతారు. "నాకేటి బీపీ లేదని సెప్పారు కదండీ" అని మా ఓపీలో తరచూ వినే మాటే. ఇవి రెండు వేర్వేరు రక్తప్రసరణలు. ఎడమ గది ఒళ్ళంతటికీ పంపినంత రక్తాన్నే, అంటే నిమిషానికి సుమారు 5 లీటర్లు, కుడి గది ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. ఒంటి ధమనుల్లో సగటు ఒత్తిడి 90 చుట్టూ ఉంటే, ఊపిరితిత్తుల ధమనిలో 14 చుట్టూ ఉంటుంది. అక్కడి నాళాలు అంత మెత్తన, అంత విశాలం. సగటు 20 దాటితే ఎక్కువ కింద లెక్క. ఇదివరకు ఆ గీత 25 దగ్గర ఉండేది, 2022లో యూరప్ మార్గదర్శకాలు 20కి దించాయి. మీ రిపోర్టులోని 72 సగటు కాదు, గుండె నొక్కినప్పటి పై అంకె. అదీ నేరుగా కొలిచింది కాదు, కవాటం దగ్గర వెనక్కి చిమ్మే రక్తం వేగాన్ని బట్టి కట్టిన అంచనా. 72 అంటే ఎక్కువే, అందులో అనుమానం లేదు. కానీ ఎంత ఎక్కువ, ఎందుకు ఎక్కువ అనేవి ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇక కణాల సంగతి.

నాళం లోపల రక్తాన్ని తాకుతూ ఒకే వరస కణాల పొర ఉంటుంది. అవే ఎండోథీలియల్ కణాలు. దాని చుట్టూ కండర కణాలు, బయట పీచు కణాలు. లోపలి పొరని ఊరికే పరిచిన గచ్చు అనుకోవద్దు. అది పెద్ద రసాయన కార్ఖానా. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని తయారు చేస్తుంది. ఆ వాయువు పక్కనున్న కండర కణంలోకి దూరి సీజీఎంపీ అనే పదార్థాన్ని పెంచుతుంది. సీజీఎంపీ పెరిగితే కండరంలో కాల్షియం తగ్గుతుంది, కండరం సడలుతుంది, నాళం విప్పుకుంటుంది. ఈ దారిని కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ వచ్చింది.

సీజీఎంపీని ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది, పీడీఈ5. ఊపిరితిత్తుల నాళాల్లో అది బాగా ఎక్కువ. సిల్డెనాఫిల్ దాన్ని ఆపుతుంది, ఉన్న కాస్త సీజీఎంపీ ఎక్కువసేపు నిలుస్తుంది. షాపు కుర్రాడు నవ్విన కారణం మనకి తెలుసు. ఆ మందుని మొదట వెతికిందే గుండెనొప్పి కోసం. 1998లో వయాగ్రా పేరుతో మగవాళ్ళ అంగస్తంభన సమస్యకి ప్రసిద్ధి అయింది, 2005లో అమెరికాలో ఊపిరితిత్తుల బీపీకి అనుమతి వచ్చింది. మీ అక్కకి ఈ సంగతి చెప్పండి. నవ్వులకి సిగ్గుపడి మందు మానేసిన ఆడవాళ్ళని చూశాను.

లోపలి పొర తయారు చేసే రెండో మంచి పదార్థం ప్రోస్టాసైక్లిన్. ఇది కండరాన్ని సడలిస్తుంది, ప్లేట్‌లెట్లు అంటుకోకుండా చూస్తుంది, కణాల పెరుగుదలని అణుస్తుంది. మూడోది ఎండోథీలిన్. 1988లో జపాన్ పరిశోధకులు కనిపెట్టారు. నాళాలని బిగించేవాటిలో దీనంత గట్టిది అరుదు, పైగా కండర కణాలని పెరగమని పురిగొల్పుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ మూడూ ఒక పొత్తులో ఉంటాయి. ఈ జబ్బులో నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ తగ్గుతాయి, ఎండోథీలిన్ పెరుగుతుంది. ఇప్పుడున్న మందుల్లో చాలాభాగం ఈ మూడు దారుల మీదే పనిచేస్తాయి. సిల్డెనాఫిల్, టడాలఫిల్ మొదటి దారి మీద, బోసెంటాన్, అంబ్రిసెంటాన్, మాసిటెంటాన్ ఎండోథీలిన్ దారి మీద, ఎపోప్రోస్టెనాల్ కుటుంబం ప్రోస్టాసైక్లిన్ దారి మీద.

ఇక్కడిదాకా వింటే ఇది నాళం బిగుసుకునే జబ్బు, సడలించే మందిస్తే సరి అనిపిస్తుంది. పాతికేళ్ళ క్రితం మేమూ దాదాపు అలాగే చదువుకున్నాం. అసలు చిక్కు బిగుతు కాదు, పెరుగుదల. పూడిక తీయని పంట కాలువలో గట్లే లోపలికి పెరిగి నీటి దారి సన్నబడుతుంది చూడండి, ఇక్కడా అంతే. బిగుసుకున్నదైతే సడలించొచ్చు, పెరిగిందాన్ని సడలించలేం. అందుకే మామూలు బీపీ మాత్రలు ఇక్కడ పనికిరావు. కారణం తెలియని రకంలో పది మందిలో ఒకరికి మాత్రమే, అదీ క్యాథ్ ల్యాబ్‌లో (గుండెలోకి సన్న గొట్టం పంపి ఒత్తిడి కొలిచేచోట) పరీక్షించి చూశాక, అమ్లోడిపిన్ జాతి మందులు పెద్ద మోతాదులో పనిచేస్తాయి. పరీక్ష లేకుండా మొదలుపెట్టడం ప్రమాదం.

కణాలు ఎందుకు పెరుగుతాయి? మీరు చదివిన బీఎంపీఆర్2 ఇక్కడ వస్తుంది. అది కణం పైన ఉండే ఒక గ్రాహకం. దాని నుంచి లోపలికి వెళ్ళే సందేశం "నెమ్మదిగా ఉండు, అనవసరంగా విభజన చెందకు" అన్నది. దానికి ఎదురుగా ఆక్టివిన్, టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ల కుటుంబం "పెరుగు" అంటుంది. బీఎంపీఆర్2 జన్యువులో లోపం ఉంటే మొదటి గొంతు బలహీనపడుతుంది, రెండోదే వినిపిస్తుంది. ఈ జన్యువుకీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం 2000లో బయటపడింది. కుటుంబంలో నడిచే కేసుల్లో నూటికి 70-80 మందిలో ఈ లోపమే కనిపిస్తుంది. 2024 మార్చిలో అమెరికాలో అనుమతి పొందిన సొటాటర్‌సెప్ట్ అనే ఇంజెక్షన్ ఆ రెండో గొంతుని అణిచే మందు. ఆక్టివిన్‌ని రక్తంలోనే పట్టేస్తుంది. మూడు వారాలకొకసారి చర్మం కింద ఇస్తారు. పెరుగుదల మీదే గురిపెట్టిన మందు కాబట్టి నాకు దీని మీద ఆశ ఉంది.

కండర కణంలోనూ తేడాలొస్తాయి. కణం పైపొరలో పొటాషియం బయటికి పోయే సన్న ద్వారాలుంటాయి. అవి తగ్గితే కణంలో విద్యుత్ సమతూకం మారి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి వచ్చి కండరం బిగుసుకుంటుంది. అంతటితో ఆగదు. కణం తన ఆయువు తీరి చావాలంటే పొటాషియం కొంత బయటికి పోవాలి. అది పోకపోతే కణం చావదు. అంటే ఒకే లోపం వల్ల బిగుతూ వస్తుంది, చావని కణాలూ మిగులుతాయి. ఈ ద్వారాల్లో ఒకదాన్ని తయారుచేసే కేసీఎన్‌కే3 జన్యువులో లోపాలు 2013లో దొరికాయి. ఇక ఈ కణాలు ఆక్సిజన్ అందుతున్నా చక్కెరని సగంలోనే విరగ్గొట్టి బతుకుతాయి, అచ్చం క్యాన్సర్ కణాల్లాగే. ఇది క్యాన్సర్ కాదు, వేరే చోటికి పాకదు. కానీ కణాల తీరులో ఆ పోలిక ఉంది. ముదిరినప్పుడు సన్న నాళం లోపల లోపలి పొర కణాలే చిక్కు ముడిలా పెరిగిపోయి దారిని మూసేస్తాయి.

వీటికి తోడు వాపు తెచ్చే రక్షణ కణాలు చేరతాయి. అందుకే స్క్లెరోడెర్మా, లూపస్ లాంటి, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీదికి తిరగబడే జబ్బులున్నవాళ్ళలో ఇది ఎక్కువ. మీ అక్కకి చలికి వేళ్ళు తెల్లబడి నీలంగా మారడం, కీళ్ళ నొప్పులు, చేతుల చర్మం బిగుసుకోవడం లాంటివి ఉన్నాయేమో అడగండి. ఆడవాళ్ళలో ఎక్కువ రావడానికి ఈస్ట్రోజెన్ కొంత కారణమంటారు, ఆ లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు. ఇంకో సంగతి, 1960ల చివర్లో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, జర్మనీల్లో ఆకలి చంపే అమినోరెక్స్ అనే మాత్ర వల్ల ఈ జబ్బు ఒక్కసారిగా పెరిగింది. అలాంటిదే ఫెన్‌ఫ్లురమిన్‌ని కూడా 1997లో వెనక్కి తీసుకున్నారు. పెళ్ళికి ముందో తర్వాతో బరువు తగ్గే మందులేవైనా వాడి ఉంటే డాక్టర్‌కి దాచకుండా చెప్పమనండి.

ఇప్పుడు మన జిల్లాల్లో నేను ఎక్కువగా చూసేవి. నిజం చెప్పాలంటే, మొదటి గుంపు మనకి అరుదు. "లంగ్స్‌లో బీపీ" అని చీటీ పట్టుకొచ్చేవాళ్ళలో ఎక్కువమందికి కారణం వేరే ఉంటుంది.

కీళ్ళవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల పాడైన గుండె కవాటం. ముప్ఫై ఏళ్ళ ఆడమనిషి, ఆయాసం, ఎకోలో ఒత్తిడి ఎక్కువ అనగానే నేను ముందు వెతికేది గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటాన్నే. అది ఇరుకైతే రక్తం వెనక్కి నిలిచి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది. మొదట్లో అది ఊరికే నిలవ ఒత్తిడి. ఏళ్ళు గడిచాక నాళాల గోడలు కూడా మందమవుతాయి. చీపురుపల్లి వైపు ఒకావిడ ఇంచుమించు మీ అక్క వయసే, పీఏహెచ్ అని చెప్పి సిల్డెనాఫిల్ మీద పెట్టి పంపారు. మళ్ళీ ఎకో చేయిస్తే కవాటం బాగా మూసుకుని ఉంది. బెలూన్‌తో కవాటం విప్పాక ఒత్తిడి చాలావరకు దిగింది. ఇలాంటి కేసులో సిల్డెనాఫిల్ ఇస్తే ముందు దారి మూసి ఉండగానే వెనకనుంచి రక్తం ఎక్కువ వదిలినట్టవుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉండి పెద్దయ్యేదాకా తెలియనివాళ్ళూ ఉంటారు. అదీ చూడాలి.

పొగ, దుమ్ము. ఒంట్లో మిగతా చోట్ల ఆక్సిజన్ తగ్గితే నాళాలు విప్పుకుంటాయి. ఊపిరితిత్తుల్లో మాత్రం బిగుసుకుంటాయి. 1946లో ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ దీన్ని చూపించారు. ఒక మూల న్యుమోనియా వస్తే రక్తాన్ని మంచి భాగానికి మళ్ళించడానికి ఇది ఉపకారమే. కానీ ఊపిరితిత్తులు మొత్తంగా పాడైతే నాళాలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి, కొన్నాళ్ళకి ఆక్సిజన్ తగ్గినప్పుడు పనిచేసే హెచ్ఐఎఫ్ అనే ప్రోటీన్ల ప్రభావంతో గోడలూ మందమవుతాయి. కట్టెల పొయ్యి దగ్గర జీవితం గడిపినవాళ్ళు, మన వైపు అడ్డపొగ (చుట్ట నిప్పుకొనని నోట్లో పెట్టి కాల్చడం) అలవాటున్న ముసలమ్మలు, టెక్కలి గ్రానైట్ క్వారీల్లో రాతి పొడి పీల్చినవాళ్ళు, టీబీ తగ్గినా ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళు ఈ కోవలోకి వస్తారు. వీళ్ళకి ముందు కావాల్సింది ఆక్సిజన్, ఇన్‌హేలర్.

ఉద్దానం డయాలసిస్ రోగులు. మీరు సోంపేట అన్నారు, అది కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోదే కాబట్టి ఇది తప్పక రాయాలి. కిడ్నీలు పాడైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, గుండె ఎడమ భాగం బిరుసెక్కుతుంది, డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనీ కలిపి వేసిన ఫిస్టులా వల్ల గుండెకి రక్తం ఎక్కువ చేరుతుంది. ఈ మూడూ కలిసి ఎకోలో ఒత్తిడిని పెంచి చూపిస్తాయి. డయాలసిస్‌కి ముందు రోజు నీరు పట్టి ఉన్నప్పుడు తీసిన ఎకోని నేను నమ్మను. నీరు తీశాక, సరైన బరువుకి వచ్చాక మళ్ళీ తీయిస్తాను. మీ అక్కకి క్రియాటినిన్ అనే కిడ్నీ రక్తపరీక్ష చేయించారా? కాళ్ళ పొంగు గుండె వల్లా, కిడ్నీ వల్లా అన్నది అక్కడే కొంత తేలుతుంది.

సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. సీతంపేట కొండల నుంచి వచ్చే సవర, జాతాపు పిల్లల్లో చూస్తాం. ఎర్రకణాలు పగిలి హిమోగ్లోబిన్ రక్తంలో పడుతుంది, నైట్రిక్ ఆక్సైడ్‌ని మింగేస్తుంది. పగిలిన కణాల నుంచే ఆర్జినేజ్ అనే ఎంజైమ్ వచ్చి ఆర్జినిన్‌ని కరగదీస్తుంది. సరుకూ పోయింది, ముడిసరుకూ పోయింది. అయితే సిల్డెనాఫిల్ ఇస్తే సరిపోవాలి కదా? అమెరికా, బ్రిటన్‌లలో అలా ఇచ్చి చూసిన పరీక్షని నొప్పుల దాడులు పెరిగాయని 2009లో మధ్యలోనే ఆపేశారు. కాగితం మీద కణాల లెక్క ఎంత చక్కగా కుదిరినా మనిషిలో అలాగే నడవాలని లేదు. ఇంటర్నెట్‌లో పరిశోధన పత్రాలు చదివి ఆర్జినిన్ పొడులు కొనేవాళ్ళకి నేను ఇదే చెబుతాను.

ఇంకొకటి పాత రక్తపు గడ్డలు. కాన్పు తర్వాత, లేక ఎక్కువ రోజులు మంచాన ఉన్నప్పుడు కాలిలో గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, కరగకుండా మచ్చలా అంటుకుపోవచ్చు. మీ అక్కకి కాన్పు అయింది కాబట్టి ఇది చూడకుండా వదలకూడదు. దీనికి ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడ చేరుతున్నాయో చూసే వీ/క్యూ స్కాన్ అనే పరీక్ష చేస్తారు. ఇది నార్మల్ వస్తే ఆ అనుమానం దాదాపు తీరినట్టే. దొరికితే మంచిదే అంటాను, ఎందుకంటే అయిదు గుంపుల్లో ఆపరేషన్‌తో పూర్తిగా నయం చేసే వీలున్న రకం ఇది.

అందుకే విశాఖ వెళ్ళి ఒక గుండె నిపుణుడి దగ్గర రైట్ హార్ట్ క్యాథ్ చేయించుకోమంటాను. సన్న గొట్టం కుడి గదిలోకి పంపి ఒత్తిడిని నేరుగా కొలుస్తారు. ఎడమవైపు ఒత్తిడి 15 లోపు ఉండి, నాళాల నిరోధం ఎక్కువ ఉంటేనే మొదటి గుంపు అనే మాటకి బలం. దానికి ముందు కవాటాలు జాగ్రత్తగా చూసిన ఎకో, ఛాతీ సీటీ, వీ/క్యూ స్కాన్, ఏఎన్ఏ (లూపస్ లాంటి జబ్బుల కోసం చేసే రక్తపరీక్ష), హెచ్ఐవీ, థైరాయిడ్, లివర్ పరీక్షలు అయిపోవాలి. ఈలోగా సిల్డెనాఫిల్ మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టర్‌నే "కవాటం చూశారా సార్" అని అడగండి. సిల్డెనాఫిల్ మీద ఉండగా గుండెనొప్పికని ఎవరైనా నాలుక కింద సార్బిట్రేట్ (నాళాలని విప్పే నైట్రేట్ మాత్ర) పెట్టకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళ మాత్రలుంటే వేరే డబ్బాలో పెట్టండి.

వంశం సంగతి. బీఎంపీఆర్2 లోపం తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. కానీ లోపం ఉన్న అందరికీ జబ్బు రాదు. చాలామంది ఏమీ లేకుండా బతికేస్తారు. జబ్బు బయటపడేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ. జన్యు పరీక్ష తొందర లేదు. క్యాథ్‌లో మొదటి గుంపని తేలాక, మిగతా కారణాలు లేవని తెలిశాక ఆలోచించండి. మీకు ఆయాసం లాంటిదేమీ లేకపోతే ఇప్పటికి మీరు టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఉప్పు తగ్గించాలి, ఆవకాయ, ఎండుచేపలతో సహా. కాళ్ళ పొంగు తగ్గుతుంది, గుండెకి భారం తగ్గుతుంది. నాళం గోడ మాత్రం ఉప్పు మానినందువల్ల పలచబడదు.

చివరిది రెండో బిడ్డ. దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. మొదటి గుంపు అని తేలితే గర్భం తల్లి ప్రాణానికే ముప్పు. గర్భంలో రక్తం పరిమాణం బాగా పెరుగుతుంది, ఇరుకు నాళాలు తట్టుకోలేవు, కాన్పు సమయంలోనూ ఆ తర్వాతి రోజుల్లోనూ కుడి గది చేతులెత్తేస్తుంది. బోసెంటాన్ లాంటి మందులు మొదలుపెడితే బిడ్డకి అవకరాలు వచ్చే ప్రమాదం కూడా ఉంది. కవాటమో గడ్డలో అయితే, దాన్ని సరిచేశాక మాట్లాడుకోవచ్చు. కాబట్టి ఇప్పుడు అత్తవారికి చెప్పాల్సింది "పరీక్షలు పూర్తయ్యేదాకా ఆగాలి" అని. ఆ మాట మీ అక్క చేత చెప్పించకండి. మీ బావగారిని ఈసారి ఓపీకి వెంట తీసుకెళ్ళి, డాక్టర్ నోటే చెప్పించండి.